ఇద్దరు డాక్టర్లను ఒక్క గదిలో కూర్చోబెట్టండి

నల్లగొండ జిల్లా కలెక్టర్ గారికి, జిల్లా వైద్యారోగ్య శాఖ, విద్యాశాఖ అధికారులకు,

నమస్కారం.

నేను మిర్యాలగూడలో బట్టలు కుడతాను. మా ఆయన రైస్ మిల్లులో పని చేస్తాడు. మాకు ఇద్దరు పిల్లలు. పెద్దది ఆడపిల్ల, తొమ్మిదో తరగతి. చిన్నోడు ఐదో తరగతి. ఈ ఉత్తరం మా బిడ్డ గురించి. ఆమె పేరు రాయడం లేదు. రేపు ఆమె పెద్దయ్యాక ఈ కాగితం ఎవరి చేతిలో పడినా ఆమెకు ఇబ్బంది రాకూడదు.

సోమవారం ప్రజావాణికి వెళ్లి అర్జీ పెట్టుకోమని చాలామంది చెప్పారు. రాయడానికి కూర్చున్నాను కూడా. పైన ఏ శాఖకు అని రాయాలో తెలియక అక్కడే ఆగిపోయాను. మా బిడ్డకు ఫిట్స్ ఉన్నాయి. మనసుకు సంబంధించిన జబ్బూ ఉంది. ఒకదాని గురించి రాస్తే రెండోది వెనకబడుతుంది. బడి గురించి రాస్తే రెండూ పక్కకు పోతాయి. అందుకే మీ అందరికీ కలిపి, నలుగురూ చదివేటట్టు రాస్తున్నాను.

నేను అడిగేది ముందే చెప్తాను. నెలకు ఒక్క రోజు, మన జిల్లాలో ఒక్క ప్రభుత్వ ఆసుపత్రిలో, నరాల డాక్టరూ మానసిక డాక్టరూ ఒకే గదిలో కూర్చుని ఇలాంటి పిల్లలను చూడాలి. ఇద్దరూ ఒకే చీటీ మీద మందులు రాయాలి. ఇది ఎందుకు అడుగుతున్నానో తెలియాలంటే ఆరేళ్ల కథ చెప్పాలి.

మొదటిసారి ఫిట్స్ వచ్చింది సద్దుల బతుకమ్మ నాడు. అప్పుడు మూడో తరగతి. తంగేడు పూల కోసం తెల్లవారకముందే లేచింది. రాత్రి పొద్దుపోయేదాకా ఆడింది. ఆడుతూ ఆడుతూ ఒక్కసారి నిలబడిపోయి, కట్టె మాదిరిగా వెనక్కి పడింది. చేతులు కాళ్లు కొట్టుకుంటున్నాయి, నోటి నుంచి నురగ. ఎవరో తాళాల గుత్తి తెచ్చి చేతిలో పెట్టారు. ఎవరో ఉల్లిగడ్డ నలిపి వాసన చూపించారు. నాలుక కరుచుకుంటుందని ఒకాయన పళ్ల మధ్య గంటె దూర్చాడు. అప్పుడే వచ్చిన ముందు పన్ను సగం విరిగింది. ఆ విరిగిన పన్ను ఇప్పటికీ అట్లాగే ఉంది. ఎవరి మీదా కోపం లేదు. వాళ్లందరూ నా బిడ్డను కాపాడాలనే వచ్చారు. నోట్లో ఏమీ పెట్టొద్దనీ, పక్కకు తిప్పి పడుకోబెట్టి గడియారం చూడాలనీ మాకు అంతకుముందు చెప్పినవాళ్లు లేరు.

నరాల డాక్టర్ దగ్గర తలకు వైర్లు పెట్టి ఈఈజీ తీశారు, మూర్ఛ అన్నారు. వాల్ప్రోయేట్ అనే మందు మొదలుపెట్టారు. మూడేళ్లు బాగానే గడిచింది. ఏడాదికి ఒకటో రెండో వచ్చేవి. మా అత్తమ్మ చెర్వుగట్టుకు అమావాస్య నిద్రకు తీసుకుపోతానంటే నేను కాదనలేదు. గోలీల డబ్బా సంచిలో పెట్టి, వేళకు వేయమని, రాత్రి మాత్రం పిల్లను మేల్కొని ఉంచొద్దని చెప్పి పంపాను. దేవుణ్ని మొక్కడం మానమని మాలాంటి ఇళ్లలో ఎవరు చెప్పినా వినరు. గోలీ మానొద్దని చెప్తే వింటారు. ఆశా వర్కర్లకు కూడా నేను ఇదే మాట చెప్తుంటాను.

ఆరో తరగతికి వచ్చాక డాక్టర్ మందు మార్చారు. ఆడపిల్ల పెద్దమనిషి అయ్యే వయసు, వాల్ప్రోయేట్ ముందుముందు మంచిది కాదన్నారు. ఆ మందు వాడుతుండగా గర్భం వస్తే కడుపులో బిడ్డకు అవయవ లోపాలు, బుద్ధి ఎదుగుదలలో లోపాలు వచ్చే ప్రమాదం ఉందట. మంచి ఆలోచనతోనే మార్చారు. దాని స్థానంలో లెవెటిరాసెటం రాశారు. ఫిట్స్ అదుపులోనే ఉన్నాయి, కానీ నెల తిరిగేసరికి మా బిడ్డ మా బిడ్డలాగా లేదు.

పళ్లెం విసిరేది. పుస్తకాలు చింపేది. ఒకరోజు తమ్ముణ్ని రక్తం వచ్చేలా కొరికింది. అరగంట తర్వాత వాడి చెయ్యి పట్టుకుని ఏడుస్తూ పసుపు రాసింది. నేను కొట్టాను. ఆ సంగతి రాయకుండా దాచొచ్చు గానీ దాచను. వయసు ముదురుతోంది, పొగరు పెరిగింది అనుకున్నాను. ఈ మందు కొందరు పిల్లల్లో చిరాకు, కోపం తెస్తుందని నాకు తెలిసేసరికి చాలా నెలలు దాటిపోయాయి. అందరికీ అట్లా కాదు. ఇదే మందుతో హాయిగా ఉన్న పిల్లలను నేను చూశాను. మా బిడ్డకు పడలేదు.

అప్పుడు నేను ఇంకో తప్పు చేశాను. గోలీ వల్లే కోపం వస్తున్నదని ఎవరో చెప్పగా విని, డాక్టర్‌ను అడగకుండా సగం చేశాను. నాలుగో రోజు తెల్లవారుజామున ఫిట్స్ మొదలై ఆగలేదు. ఆగినట్టే ఆగి, తెలివి రాకముందే మళ్లీ వచ్చింది. 108 వచ్చేదాకా మా చిన్నోడు ఫోన్‌లో టైం చూస్తూ నిమిషాలు లెక్కపెట్టాడు. ఐదు నిమిషాలు దాటితే ప్రాణం మీదికి వస్తుందని వాడికి అప్పటికే తెలుసు. ఎనిమిదేళ్ల పిల్లవాడు "అమ్మా, పదకొండు" అన్న గొంతు నాకు ఇప్పటికీ వినపడుతుంది. మూర్ఛ మందు ఒక్కసారిగా తగ్గిస్తే ఇట్లా అవుతుందని నాకు ముందు ఒక్కరు గట్టిగా చెప్పి ఉంటే బాగుండేది.

ఏడో తరగతి ఎండాకాలం సెలవుల్లో ఇంకో రకం మొదలైంది. రాత్రి రెండు గంటలకు లేచి ఇల్లంతా కడిగింది. మూడు రోజులు సరిగా నిద్ర లేదు, అయినా అలసట లేదు. నా మిషన్ దగ్గరున్న గుడ్డపేలికలన్నీ ముందేసుకుని సంచులు కుట్టి అమ్ముతానంది. మాట ఆగేది కాదు, ఒక మాటకు ఇంకో మాటకు పొంతన లేదు. చుట్టాలు "పిల్ల హుషారైంది" అని సంతోషపడ్డారు. నేను మాత్రం రాత్రంతా పక్కన కూర్చున్నాను. నిద్ర లేకపోతే ఫిట్స్ వస్తాయి కదా. తర్వాత దసరా పోయాక మంచం దిగలేదు. జడ వేయించుకోలేదు. తపాలచెక్క అంటే ప్రాణం, చేసిపెడితే కన్నెత్తి చూడలేదు. ఒక రాత్రి నా పక్కన పడుకుని, "అమ్మా, నేను లేకుంటే మీకు ఇంత తిరుగుడు ఉండదు కదా" అంది.

ఆ రాత్రి నేను 14416కి ఫోన్ చేశాను. టెలీ మానస్ అంటారు, 2022 అక్టోబరులో మొదలైంది, డబ్బులు తీసుకోరు. తెలుగులోనే మాట్లాడారు. ఇంట్లో ఉన్న గోలీలన్నీ తాళం వేసి పెట్టమన్నారు, పిల్లను ఒంటరిగా వదలొద్దన్నారు, పొద్దున్నే మానసిక డాక్టర్‌కు చూపించమన్నారు. ఇది చదివే తల్లులు ఎవరైనా ఉంటే ఆ నంబర్ గోడ మీద రాసి పెట్టుకోండి.

మానసిక డాక్టర్ దగ్గరికి తీసుకుపోవడానికి కూడా ఇంట్లో పోట్లాట అయింది. మా వైపు ఎర్రగడ్డ అంటే పిచ్చాసుపత్రే గుర్తుకొస్తుంది, అదొక తిట్టుమాట అయిపోయింది. "ఫిట్స్ అంటే ఫిట్సే, అక్కడికి తీసుకపోతే పిచ్చిదని ముద్ర పడుతది, రేపు పెండ్లి ఎట్లయితది" అన్నారు. మూర్ఛ ఉందని పెళ్లి చెల్లదనే మాట ఒకప్పుడు చట్టంలోనే ఉండేది. 1999లో దాన్ని తీసేశారు. ఈ సంగతి మా ఆడపడుచుకు చెప్పాను. చట్టం మారిన సంగతి మా వాడలో ఎవరికీ తెలియదు.

ఇక అక్కడి నుంచి మాకు రెండు దారులైంది. నరాల డాక్టర్ ఒక చోట, మంగళవారం. మానసిక డాక్టర్ ఇంకో చోట, శుక్రవారం. రెండూ హైదరాబాద్‌లోనే. పొద్దున బయలుదేరితే రాత్రికి ఇల్లు. 2023 డిసెంబరు 9 నుంచి ఆడవాళ్లకు బస్సు టికెట్ లేదు కాబట్టి నాకూ బిడ్డకూ చార్జీలు మిగిలాయి, అందుకు నిజంగా రుణపడి ఉన్నాను. కానీ ఆ రోజు నా షాపు మూత. ఫిట్స్ వస్తే నా ఒక్కదానితో కాదు కాబట్టి మా ఆయన కూలీ కూడా పోతుంది. ఇది భరించొచ్చు. భరించలేనిది ఇంకొకటి ఉంది.

మానసిక డాక్టర్ మా బిడ్డను చూసి, ఉత్సాహం ఎక్కువైపోవడం, దిగులు పడిపోవడం రెండూ ఉన్న జబ్బని చెప్పి వాల్ప్రోయేట్ రాశారు. నరాల డాక్టర్ తీసేసిన మందు అదే. నేను రెండు చీటీలు పట్టుకుని నరాల డాక్టర్ దగ్గరికి పోతే, "ఇది ఎవరు రాశారు, మానేయండి" అన్నారు. తిరిగి మానసిక డాక్టర్ దగ్గరికి పోతే, "కోపం ఆ ఫిట్స్ మందు వల్ల వస్తున్నది, వాళ్లను మార్చమనండి" అన్నారు. నేను పదో తరగతి పాసైన మనిషిని. ఇద్దరు పెద్ద డాక్టర్ల మధ్య కబురు మోయాల్సింది నేనా? ఇంగ్లీషులో ఉన్న మందుల పేర్లు బస్సులో పలికి పలికి నేర్చుకున్నాను, తప్పు చెప్తే పిల్ల ప్రాణానికి వస్తుందని.

ఈ తిరుగుడులోనే ఒక నోట్‌బుక్ పెట్టాను. రోజుకో గీత. ఫిట్స్ వస్తే ఎర్ర పెన్నుతో, ఎన్ని నిమిషాలో. మనసు బాగా లేకపోతే నీలం పెన్నుతో. ఎన్ని గంటలు పడుకుందో నల్ల పెన్నుతో. ఏ గోలీ ఎప్పుడు మార్చారో పక్కన. నాలుగైదు నెలలు రాసేసరికి నాకే కొన్ని కనబడ్డాయి. ఎర్ర గీతకు ముందు రోజు చాలాసార్లు నీలం ఉంది. అంటే ఫిట్స్ రాబోయే ముందు రోజు నుంచే పిల్ల చిరచిరలాడుతున్నది. మేము అది మొండితనం అనుకుని తిడుతున్నాము.

పోయిన ఏడాది కొత్తగా చూసిన ఒక నరాల డాక్టర్ ఆ నోట్‌బుక్ పేజీలు తిప్పి, "ఈ నీలం రంగును ఎవరు చూస్తున్నారు?" అని అడిగారు. చెప్పాను. నంబర్ తీసుకుని నా ముందే ఆ మానసిక డాక్టర్‌కు ఫోన్ చేశారు. పది నిమిషాలు మాట్లాడుకున్నారు. తర్వాత నాకు తెలుగులో అర్థమయ్యేట్టు చెప్పారు. వాల్ప్రోయేట్ ఫిట్స్‌కూ పనిచేస్తుంది, మనసు ఊగిసలాటకూ పనిచేస్తుంది. మూడేళ్లు అది రెండింటినీ పట్టి ఉంచి ఉండొచ్చు, ఆ సంగతి ఎవరికీ తెలియలేదు. అది తీసేసి, ఈ పిల్లకు కోపం తెచ్చే మందు పెట్టడంతో ఒకేసారి రెండు దెబ్బలు తగిలి ఉండొచ్చు. ఇద్దరూ ఒప్పుకుని లామోట్రిజిన్ అనే మందు ఎంచుకున్నారు. అది కూడా రెండింటికీ వాడేదే. వారాల తరబడి కొంచెం కొంచెంగా పెంచారు, ఒంటి మీద దద్దుర్లు కనిపిస్తే ఆ రోజే రావాలని గట్టిగా చెప్పారు. పాతది అంతే నెమ్మదిగా తగ్గించారు.

జబ్బు పోయిందని నేను చెప్పను. పోయిన ఐదు నెలల్లో ఎర్ర గీత ఒక్కటి ఉంది. నీలం గీతలు ఉన్నాయి, కానీ వాటి మధ్య ఖాళీ పేజీలు ఉన్నాయి. ఆదివారం తమ్ముడితో క్యారమ్స్ ఆడుతోంది. పది నిమిషాల ఫోన్‌తో ఇది మొదలైంది. అంతకుముందు రెండేళ్లలో ఆ పది నిమిషాలు మాకు దొరకలేదు.

అయ్యా, ఆ పది నిమిషాలు ఒక మంచి డాక్టర్ దయ మీద ఆధారపడకూడదు. అందుకే నెలకు ఒక్క రోజు అడుగుతున్నాను. మన జిల్లాకు 2019 నుంచి ప్రభుత్వ మెడికల్ కాలేజీ ఉంది. నరాల డాక్టర్ ప్రతిసారీ ఇక్కడికి రావడం కష్టమైతే, ఈ-సంజీవని ఉంది కదా, డాక్టర్‌తో డాక్టర్ వీడియోలో మాట్లాడుకునే ఏర్పాటు. హైదరాబాద్ నుంచి ఆయన తెర మీద ఉండి, ఇక్కడ మానసిక డాక్టర్ పిల్లను పక్కన కూర్చోబెట్టుకుని మాట్లాడినా చాలు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టంలో పిల్లలకు మానసిక వైద్య సేవలు అందించాలని ఉంది. ప్రభుత్వం నోటిఫై చేసే అత్యావశ్యక మందులు సామాజిక ఆరోగ్య కేంద్రాల నుంచి పైకి అన్ని ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఉచితంగా ఇవ్వాలని కూడా ఉంది. ఈ పిల్లల మందులు మిర్యాలగూడలో, దేవరకొండలో దొరికితే మాకు గోలీ తప్పిపోయే రోజు రాదు. ఒక్క రోజు తప్పినా మాకు ఎర్ర గీత పడొచ్చు.

పిల్లల ఆరోగ్య పరీక్షకు బడికి వచ్చే బండి సంగతీ చెప్పాలి. 2013లో మొదలైన ఆ రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం జాబితాలో మూర్ఛ ఉంది. వాళ్లు రిజిస్టర్‌లో ఫిట్స్ అని రాసుకున్న ప్రతి పిల్లను నిద్ర ఎట్లా ఉంది, దిగులుగా ఉందా, కోపం ఎక్కువైందా అని కూడా అడగమనండి. మూర్ఛ ఉన్న పిల్లల్లో దిగులు, ఆందోళన మిగతా పిల్లల కంటే ఎక్కువగా ఉంటాయని డాక్టర్లకు తెలుసు. మూడు ప్రశ్నలు అడిగితే మాకు రెండేళ్లు మిగిలేవి.

విద్యాశాఖ వారికి. మా బిడ్డ క్లాసులో ఒక్కోసారి చూపు నిలిపి, పెదాలు చప్పరిస్తూ ఉండిపోతుంది. అది కూడా ఫిట్సే. ఒక బడిలో "పిలిస్తే పలకదు, నాటకాలు ఆడుతోంది" అని ఎండలో నిలబెట్టారు. ఫిట్స్ వచ్చి తగ్గాక గంట, రెండు గంటలు మబ్బుగా ఉంటుంది, ఆ రోజు పరీక్ష రాయలేదని సున్నా వేశారు. తోటి పిల్ల తల్లి వచ్చి, మా పాపను ఆమె పక్కన కూర్చోబెట్టొద్దంది, అంటుకుంటుందని. అంటుకోదు. ఆ బడి మాన్పించాము. ఇప్పటి బడిలో ఒక తెలుగు మేడం ఉన్నారు. మొదటిసారి ఫిట్స్ వచ్చినప్పుడు బెంచీలు జరిపించి, పిల్లను ఎడమ పక్కకు తిప్పి, తల కింద చున్నీ మడిచి పెట్టి, గడియారం చూస్తూ కూర్చున్నారట. కాళ్లూ చేతులూ అదిమి పట్టలేదు, నోట్లో ఏమీ పెట్టలేదు, నీళ్లు తాగించలేదు. తెలివి వచ్చాక "నేను ఇక్కడే ఉన్నా బిడ్డా" అన్నారట. నాకు ఫోన్ చేసి "మూడు నిమిషాలు పట్టింది, ఇప్పుడు పడుకుంది, తొందరపడి రాకండి" అన్నారు. ఆమెకు ఎవరూ శిక్షణ ఇవ్వలేదు, నేను రాసిచ్చిన ఒక కాగితం చదివారు. అందులో ఏ మందులు, ఫిట్స్ ఎట్లా వస్తాయి, ఎప్పుడు 108కి చెప్పాలి, దిగులుగా ఉన్న రోజు ఎట్లా మాట్లాడాలి, అన్నీ ఒక పేజీలో ఉన్నాయి. అట్లాంటి కాగితం ప్రతి బడిలో, ప్రతి హాస్టల్‌లో ఉండేటట్టు చూడండి. హాస్టల్‌లో రాత్రిపూట గోలీ వేసే బాధ్యత ఎవరిదో కూడా అందులో రాయించండి. మా బిడ్డకు గురుకులం సీటు గురించి అడగడానికే నాకు ధైర్యం చాలలేదు.

వికలాంగుల సర్టిఫికెట్ గురించి ఒక్క మాట. 2016 వికలాంగుల హక్కుల చట్టంలో 21 రకాలు ఉన్నాయి. మానసిక జబ్బు ఉంది. మూర్ఛ పేరు లేదు. మానసిక జబ్బు కింద చూసేటప్పుడు సొంత పనులు చేసుకుంటుందా, నలుగురితో మెలుగుతుందా, సరిగా మాట్లాడుతుందా, చదువు ఎట్లా సాగుతోంది అని కొలుస్తారు. మేము పోయిన రోజు ఆమె బాగుంది. జడ వేసుకుని, నవ్వుతూ జవాబులు చెప్పింది. సాయం అందడానికి కావాల్సిన 40 శాతం వైకల్యం లెక్కలో రాలేదు. ఆ డాక్టర్‌ను తప్పుపట్టను, ఆయన చూసింది ఆ ఒక్క పూటనే. మన జిల్లాలో మర్రిగూడ, నాంపల్లి వైపు ఫ్లోరైడ్ నీళ్లు తాగి కాళ్లు వంగిపోయిన వాళ్లను చూసి దేశం కదిలింది. పటిక, సున్నం వేసి నీళ్లను శుభ్రం చేసే పద్ధతికి నల్లగొండ టెక్నిక్ అని మన ఊరి పేరే పెట్టారు. వాళ్ల బాధ కంటికి కనిపించింది. నా బిడ్డ నడిచి వస్తే ఏమీ కనిపించదు. అందుకే ఒక్క పూట చూసి కాకుండా ఆరు నెలల రికార్డు, బడి హాజరు, ఇంట్లో రాసిన పుస్తకం కూడా చూడాలని సర్టిఫికెట్ క్యాంపుల్లో చెప్పండి.

ఇదంతా మా ఒక్క ఇంటి సంగతి అనుకోవద్దు. ఆసుపత్రి బెంచీల మీద రెండు రకాల చీటీలు చేతిలో పట్టుకుని కూర్చున్న తల్లులను నేను గుర్తుపడతాను. దేవరకొండ తండాల నుంచి వచ్చిన ఒకామె, మహబూబ్‌నగర్ నుంచి మనవణ్ని తెచ్చిన ఒక ముసలాయన, వీళ్లకు రాయడం రాదు. వాళ్ల తరఫున కూడా రాస్తున్నాను.

నోట్‌బుక్‌లు నా దగ్గర మూడు నిండాయి. నాలుగోది నడుస్తోంది. ఇలాంటి పిల్లల కోసం ఏ రోజు పెట్టినా, ఎంత దూరం పెట్టినా, షాపు మూసి మొదటి బస్సుకే వస్తాను. ఆ పుస్తకాలు ఇద్దరు డాక్టర్ల ముందు ఒకే బల్ల మీద పెడతాను. తారీఖు చెప్పండి.

ఇట్లు,
ఒక తల్లి,
మిర్యాలగూడ, నల్లగొండ జిల్లా